శివారు గడి

దుగ్గిరాల లాకుల దగ్గర
గేజీ రాయి మీద అంకెలు చెరిగి చాలాకాలమైంది.
లస్కరు యేసుపాదానికి అంకెలతో పనిలేదు.
మూడో మెట్టు తడిస్తే ఇంత,
నాలుగో మెట్టు మీది పాచి మునిగితే ఇంత.
తూము నోట్లో నీళ్ళు గురకపెడితే
పైన ఎవడో షట్టరు ఎత్తాడని అర్థం.

నేను కొత్తగా వచ్చిన ఏఈని.
నా చేతిలో ట్యాబు, ట్యాబులో ఒక ఆకుపచ్చ గీత.
ఆ గీత ప్రకారం
నీళ్ళు సముద్రం దాకా సమానంగా వెళ్తున్నాయి.

సీతానగరం దగ్గర నదిని విడిచిన నీరు
ఇక్కడికొచ్చేసరికి
డ్రైన్ల నురగనీ, థర్మోకోల్ పళ్ళేలనీ,
ఎవరి మెళ్ళోదో ఒక వాడిన దండనీ
తోడు తెచ్చుకుంటుంది.
గుర్రపుడెక్క దాన్ని ఆపి సోదా చేస్తుంది.

"ఆరుగురం ఉండేవాళ్ళం మేడమ్ ఈ కాలవకి.
ఇప్పుడు నేనూ, ఈ హ్యాండిలూ."
నిద్రపోయిన పిల్లాణ్ణి వేసుకున్నట్టు
ఆ ఇనుముని భుజాన వేసుకుని గట్టెంట నడిచాడు.
పన్నెండు దొంగ పైపులు లెక్కపెట్టాడు.
పదమూడోది లెక్కపెట్టకుండా దాటాడు.
"అదెవరిది?"
"మా బామ్మర్ది కౌలు చేనుకి పోద్ది" అని
కాలవలోకి ఉమ్మేశాడు.

పై ఊళ్ళు అడిగేది ఎప్పుడూ అంగుళమే.
అంగుళం లేపవయ్యా పాదం, పసుపు మాడిపోతోంది.
అంగుళం కోసం శుభలేఖలొస్తాయి,
అంగుళం కోసం గుంటూరు నుంచి ఫోన్లొస్తాయి.
ఒకసారి అంగుళం కోసమే అతని తల పగిలింది.
ఏడు కుట్లు. అడక్కుండానే టోపీ తీసి చూపించాడు.

మంగళవారం నాగూర్‌బీ వచ్చింది.
శివారు ఆయకట్టు, ఎకరంన్నర కౌలు.
రెండు బస్సులు మారి, షేరాటో ఎక్కి
మా ఆఫీసుకి ఒక సీసా మోసుకొచ్చింది.
ఫైళ్ళ మధ్య పెట్టింది.
"పదకొండు రోజుల్లో మా బోదెకి వచ్చింది ఇదీ."
సగం కూడా లేదు.
మూత తీసి రుచి చూడమంది.
నాలిక్కి అద్దుకున్నాను.
ఉప్పు.
"మీరు పంపకపోతే సముద్రం పంపుద్దమ్మా.
దానికి లాకుల్లేవు, లస్కర్లు లేరు."
కూర్చోమంటే కూర్చోలేదు.
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది:
"సీసా పారెయ్యబాకండి,
మా పిల్ల బడికి తీసుకెళ్ళేది."

ఆ రాత్రి
యేసుపాదం పై తూముల షట్టర్లు దించుతుంటే
నేను టార్చి పట్టుకున్నాను.
గ్రీజు మీద పురుగులు అంటుకున్నాయి.
తిప్పిన ప్రతిసారీ ఇనుము మూలిగింది.
అవతలి గట్టు మీద బీడీ నిప్పులు
ఒకటి, రెండు, నాలుగయ్యాయి.
ఎవరూ ఏమీ అనలేదు.
ఆ అనకపోవడంలో నా బదిలీ ఉందని తెలుస్తూనే ఉంది.
పదమూడో పైపు దగ్గర
అతను నా మొహం చూడకుండా వంగి
కట్టిన తీగ విప్పాడు.
"ఇక బామ్మర్దితో మాటలుండవు" అన్నాడు,
రేపు వానుండదు అన్నంత మామూలుగా.

పొద్దున్నే రిజిస్టరు తీశాను.
శివారు గడి.
ఎనిమిదేళ్ళుగా ఎన్ని చేతులు మారినా ఒకే మాట:
తృప్తికరం, తృప్తికరం, తృప్తికరం.
చివరి మూడూ నావే,
చేరిన కొత్తలో ఆకుపచ్చ గీతని చూసి రాసినవి.
కొట్టెయ్యలేదు, ఉండనిచ్చాను.
వాటి కింద తేదీ వేసి
నీళ్ళు అందలేదు అని రాశాను.
రుచికి ఆ రిజిస్టర్లో గడి లేదు.
మార్జిన్లో రాశాను: ఉప్పు.

సీసా కడిగి కిటికీలో బోర్లించాను.
అడుగున తెల్లటి చార ఇంకా పోలేదు.
శుక్రవారానికి నీళ్ళు అక్కడికి చేరాలి.
చేరితే, ఈ సీసా నేనే తీసుకెళ్ళి ఇస్తాను.

ఫోన్ మోగుతోంది.
గుంటూరు నంబరు.